శిశువుల వాక్కు – పెద్దల ఋణము



పరమేశ్వరుడు మనుష్యున కనుగ్రహించిన వరములలో వాక్కు మిక్కిలి గొప్పదని యందరు నొప్పుకొందురు. కాని యా వరము ప్రతి శిశువునకును ఎవరి చేతులమీదుగా అందుచున్నదని విచారించువారు మాత్రము కొందరే. ధనము నిచ్చిన తండ్రిని కుమారుడు స్మరించును. అక్షరము నేర్పిన గురువునకు శిష్యుడు నమస్కరించును. మాట నేర్పినవారెవరో యెవ్వరికిని జ్ఞాపకముండదు. జ్ఞాపకముంచుకొనుటకు వలసిన మాటలే యప్పటికి పుట్టియుండలేదు. ఇట్లు మరపున బడిన ఋణమును గూర్చియు, ఆ సొమ్మును చేతబట్టుకొని యున్న పెద్దలమగు మన విధిని గూర్చియు, హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతముల విద్యావంతులగు గృహస్థులకు కొన్ని మాటలు విన్నవించుకొనుచున్నాము.

మన యిండ్లలో బిడ్డ కయిదవయేడు వచ్చినపుడు ముహూర్తము పెట్టించి, పళ్లెములో బియ్యము పోసి, వ్రేలు పట్టుకొని ఓనమాలు దిద్దించుట ఆచారము. ఆనాడు విద్యారంభమైనదని బంధువులు సంతసింతురు. నిజమునకు ఆనాటికి ఆ బిడ్డ మనుష్యుడు నేర్వదగిన విద్యలలో మిక్కిలి కష్టమైన దానిని చాలవరకు నేర్చియే యున్నాడు. ఏ పండితుడును బోధింపకయే కర్తకు తగిన క్రియను పొందించుటయు, జరిగినదానిని జరుగబోవు దానినుండి వేరుచేసి చెప్పుటయు, అడుగుట, వేడుట, అలుగుట, బొంకుట, అన్నియు నేర్చినాడు. చిన్నయసూరి తన గ్రంథమునకు బాలవ్యాకరణమని పేరు పెట్టెనుగాని, దానిని చదివి మాటలాడ నేర్చిన బాలుడు లోకమున నొక్కడును లేడు.

అట్లయిన ఈ విద్య ఎప్పుడు మొదలగుచున్నది? గర్భమందు కడపటి మూడు మాసములలోనే శిశువు తల్లి కంఠధ్వనిని వినుచుండునని పరిశోధకులు నిశ్చయించిరి. పుట్టి మూడు దినములైనను నిండని శిశువులు పరస్త్రీ కంఠముకంటె తల్లి కంఠమునే కోరుదురని 1980వ సంవత్సరమున అమెరికాలో ప్రకటింపబడిన పరీక్షలు చూపినవి. 1984వ సంవత్సరమున కెనడా దేశమున వెర్కరు, టీసు అను నిద్దరు పరిశోధకులు మరియొక వింతను వెల్లడించిరి. తకారమునకును టకారమునకును గల భేదము తెలుగువారి చెవికిని హిందీవారి చెవికిని సులభము. ఇంగ్లీషు మాత్రమే యెరిగిన పెద్దల చెవి కది యందదు. అయినను ఆరు మొదలు ఎనిమిది నెలల ప్రాయముగల ఇంగ్లీషువారి శిశువులు హిందీలోని యా భేదమును చక్కగా గుర్తించిరి. పది పండ్రెండు నెలలు వచ్చుసరికి ఆ శక్తి వారిలో సన్నగిల్లినది.

దీని యర్థమును ఒక్క నిమేషము నిలిచి యోచింపుడు. పుట్టిన ప్రతి శిశువును ఏ భాషకైనను సిద్ధపడియే లోకమునకు వచ్చుచున్నది. తెలుగు చెవితో పుట్టిన బిడ్డ లేదు. కన్నడ చెవితో పుట్టిన బిడ్డ లేదు. అగ్రహారపు నాలుకతోగాని పల్లెవాడ నాలుకతోగాని యెవ్వరును పుట్టుటలేదు. సర్వమానవులును ఒక్క తండ్రి బిడ్డలని మేము ప్రార్థనామందిరమున నిత్యము చెప్పుకొను మాటను తొట్టిలోని శిశువు తన చెవులతో ఋజువు చేయుచున్నది. ఆ తరువాత ఏర్పడు సరిహద్దులన్నియు మనము గీచినవే.

శిశువు చిలుకవలె విన్నదానినే మరల పలుకునని కొందరనుకొందురు. అదియు సరికాదు. మూడేండ్ల బిడ్డ చేతులు అనవలసినచోట 'చేయిలు' అనినపుడు మనము నవ్వుదుము. కాని యా మాట నా బిడ్డ యే పెద్దవారి నోటను వినియుండదు. పాప, పాపలు, ఆట, ఆటలు, అని వినివిని, బహుత్వమున కొక నియమమున్నదని తనలో తానే యూహించి, దానిని క్రొత్తమాటపై ప్రయోగించి చూచినది. అనగా ఆ తప్పు తెలివితక్కువ వలన గాక తెలివి వలననే పుట్టినది. విన్నవానినుండి నియమమును లాగుట శిశుస్వభావము. ఈ సంగతి పాఠకులు మనసున నుంచుకొందురుగాక. ముందు దీనితో మనకు పనియున్నది.

మరి భాష గాలిలోనుండి తానై వచ్చునా? 1565వ సంవత్సరపు యుద్ధము తరువాత విజయనగర ప్రభువులు పెనుకొండను రాజధానిగా జేసికొనియున్న దినములలోనే, ఉత్తరమున అక్బరు పాదుషా పసిబిడ్డలను కొందరిని వేరొక భవనమున నుంచి, వారితో నెవ్వరును మాటలాడకుండునట్లు మూగదాదులచే పెంచించెనని ఆయన యాస్థాన చరిత్రకారుడగు అబుల్ ఫజలు వ్రాసినాడు. కొన్ని యేండ్లకు పాదుషా పోయి చూడగా ఆ బిడ్డల నోట మాట పుట్టలేదు. ఇది ఘోరమైన పరీక్ష. ఇట్టిది మరల నెవ్వరును చేయరాదు. దీనికి ప్రతిగా మరియొక సంగతి కలదు. 1970లనాటి చివర నికరాగ్వా దేశపు రాజధానియందు చెవిటి బిడ్డలను మొదటిసారి పెద్దసంఖ్యలో ఒకచోట చేర్చి పెదవుల కదలికవలన స్పానిషు భాషను నేర్ప యత్నించిరి. ఆ బోధన యంతగా ఫలింపలేదు; కాని యా బిడ్డలు ఆటస్థలమున తమలో తాము సైగలతో సంభాషించుకొనుచు, తరువాత వచ్చిన చిన్నబిడ్డలు దానిని మెరుగుపరుపగా, కొలదికాలమునకే వ్యాకరణముగల సంపూర్ణమైన సైగలభాషను సృజించిరి. దాదులున్నను మాటకు మాట లేనిచోట భాష పుట్టలేదు. చెవి లేకున్నను స్నేహమున్నచోట భాష పుట్టినది. కాబట్టి వాక్కునకు నిలయము నాలుకయు గాదు, చెవియు గాదు. ఇద్దరి నడుమ నుండు ప్రేమయే.

2003వ సంవత్సరమున అమెరికాలో తొమ్మిది నెలల శిశువులకు చీనాభాషను వినిపించి చేసిన పరీక్షయు దీనినే బలపరచుచున్నది. మనిషి యెదుట కూర్చుండి ఆడించుచు మాటలాడినపుడు శిశువులు ఆ భాషాధ్వనుల భేదమును గ్రహించిరి. అదే మనిషిని తెరమీద చూపి అవే మాటలు వినిపించినపుడు గ్రహింపలేదు. నేడు మన యిండ్లలో అన్నము తినిపించుటకు పసిబిడ్డ చేతికి సెల్‌ఫోను నిచ్చుచున్నారు. తల్లి దోషమని మేమనము. ఇంటిపని యంతయు నామెపై బెట్టి తీరిక లేకుండ జేసినవారి దోషమే యెక్కువ. కాని చందమామను చూపి, కాకిని పిలిచి, 'ఇది జేజికి, ఇది నాయనకు' అని ముద్దలు లెక్కించుచు బువ్వ పెట్టిన జేజి యొక్క స్థానమును ఆ తెర పూరింపజాలదని మాత్రము నిశ్చయముగా చెప్పగలము.

ఇంతవరకు శాస్త్రము. ఇక ధర్మమునకు వత్తము. ప్రేమతో మాటలాడు ప్రతివారును శిశువునకు గురువులైనచో, ఆ గురువులు మాటతోపాటు మరేమి నేర్పుచున్నారు?

మాలో ఒకరి యింట జరిగినదానిని దాచక చెప్పెదము. నాలుగేండ్ల బాలుడు వీధియరుగుమీద ఆడుకొనుచు, గడ్డిమోపు దించుచున్న డెబ్బదియేండ్ల వృద్ధుని జూచి 'ఒరేయ్, ఇట్లా రారా' యని పిలిచెను. ఆ వృద్ధుడు 'వస్తాండా సామీ' యని చేతులు జోడించుకొని వచ్చెను. ఇంటివారు బిడ్డకు మాటలు స్పష్టముగా వచ్చినవని ముచ్చటపడిరి. ఆ బాలుడే తన తాతను 'జేజినాయనా, రాండి' యని పిలుచువాడు. తాతకును డెబ్బదియేండ్లే. ఇద్దరి తలలును నెరసినవే. ఎవరిని రారా యనవలెనో, ఎవరిని రాండి యనవలెనో ఆ బిడ్డకు చెప్పినవారెవరు? ఎవ్వరును చెప్పలేదు. చేయిలు అను మాటను కల్పించిన బుద్ధియే, ఇంటిలో విన్న పిలుపులనుండి దీనినిగూడ నియమముగా లాగుకొన్నది. చేయిలు అనినపుడు నవ్వి దిద్దినవారము, ఒరేయ్ అనినపుడు దిద్దలేదు. ఏలయన అది మన వ్యాకరణము ప్రకారము తప్పు కాలేదు.

ఆ సాయంకాలము ఇంటి యజమానునకు సిగ్గు కలిగి బిడ్డను కోపించెను. మరునాటి యుదయము తానే ఆ వృద్ధుని 'ఒరే' యని పిలిచి, ఆ మాట తన చెవిని బడి, నిలువున నీరైపోయెను. నాటినుండి ఆయన ఆ వృద్ధుని పేరునకు 'అన్న'ను చేర్చి పిలువ నారంభించెను. ఆయన నాలుక తిరుగుటకు ఒక సంవత్సరము పట్టినది. బిడ్డకు ఒక వారము చాలినది. బిడ్డను దిద్దవలసిన పని యసలే లేదు. వినబడు మాటను దిద్దిన, బిడ్డ తానే దిద్దుకొనెను.

ఇట్టి పిలుపులు పూర్వమంత విచ్చలవిడిగా నేడు లేవు. కాని సమసిపోయినవని చెప్పువారు తమ పెరటిలోను పొలములోను తాము మాటలాడు తీరును ఒకదినము చెవియొగ్గి వినవలెనని వేడుచున్నాము. కులభేదము తప్పని సభలలో ఉపన్యసించి, సహపంక్తి భోజనములు చేసి, ఇంటికి వచ్చి ఒరే యని పిలిచినయెడల, బిడ్డ మన యుపన్యాసమును నేర్చుకొనదు; మన క్రియావిభక్తినే నేర్చుకొనును. అట్లే మన భాషలో ఏకవచనమున 'ఆమె వచ్చినది' యనియు 'ఆవు వచ్చినది' యనియు ఒక్కటే క్రియ. దీనికై భాషను నిందింపనక్కర లేదు. ఇదే తెలుగు, పురుషునికిని స్త్రీకిని సమానముగా 'వారు వచ్చిరి' యను గౌరవరూపమును గూడ మన చేతికిచ్చియున్నది. ఇంటి యిల్లాలిని, పాచిపని చేయు స్త్రీని, మనము ఏ రూపముతో పేర్కొనుచున్నామో దానినిబట్టియే బిడ్డ స్త్రీ యొక్క విలువను నిర్ణయించుకొనును. మందును భాషయే యిచ్చినది. తాగుట మన పని.

సత్యము విషయమును ఇట్టిదే. 'ఏడ్చిన బూచివాడు పట్టుకొనిపోవును', 'ఊరకుండిన తాయిలము తెత్తును' అని చెప్పి, బూచివాడు రాక, తాయిలము తేక, దినములు గడపెదము. మాట యనునది నిజమును తెలుపుటకు గాక ఎదుటివానిని లొంగదీయుటకు పుట్టినదని బిడ్డకు మొదటిపాఠమును మనమే చెప్పినవార మగుచున్నాము. పదేండ్లకు వాడు బొంకినపుడు బెత్తము వెదకుదుము.

ఇక నీ మూడు పట్టణముల విశేషస్థితిని చూతము. హిందూపురమున కన్నడము ఇంటిభాషగా గలవారు అనేకులు. వీధిలో తెలుగు, సంతలో దక్కనీ ఉర్దూ వినబడును. పెనుకొండలో దర్గాకు పోవువారి మాట యొకటి, కొండక్రింది రైతుల మాట యొకటి. చుట్టుపట్ల తండాలలో లంబాడీలు తమ భాషను ఇంటిలో నిలుపుకొనియున్నారు. ఇన్ని భాషల నడుమ బిడ్డ బుద్ధి చెదరునని భయపడి, తల్లిభాషను మాన్పించి ఒక్కదానినే మాటలాడించు తలిదండ్రులున్నారు. ఈ భయము నిరాధారము. రెండు భాషలు వినుచు పెరుగు బిడ్డలు మొదట మాటలు కలిపినను, ఎవరితో ఏది మాటలాడవలెనో చిన్ననాడే గుర్తింతురు. బిడ్డ బుద్ధిని చెరచునది భాషల బాహుళ్యము గాదు. తన తల్లి మాట నలుగురిలో నవ్వులపాలగుటయే. బడిలో లంబాడి బిడ్డ నోరుజారి తన యింటిమాట పలికినపుడు తక్కినవారు నవ్వగా ఉపాధ్యాయుడును నవ్వినయెడల, ఆ బిడ్డ ఆనాడు నేర్చుకొనునది తెలుగు గాదు. తన తల్లి తక్కువదని. గిడుగు రామమూర్తి పంతులుగారు (1863–1940) సవరల భాషను శ్రమపడి నేర్చి, ఆ భాషలోనే వారి బిడ్డలకు పుస్తకములు వ్రాసి బడులు పెట్టించిరి. వారి మార్గము మనకు మేలుబంతి.

బడిని గూర్చిన సాక్ష్యమొకటి మన సీమయందే కలదు. 1882వ సంవత్సరమున అనంతపురము ప్రత్యేక జిల్లా యగువరకు ఈ మూడు తాలూకాలును బళ్లారి జిల్లాలోనివి. 1823వ సంవత్సరము ఆగష్టు మాసమున బళ్లారి కలెక్టరగు కాంబెలు దొర తన జిల్లా పాఠశాలలను గూర్చి చెన్నపట్టణపు రెవిన్యూ బోర్డునకు ఒక నివేదిక పంపెను. జిల్లా జనసంఖ్య 9,27,857, పాఠశాలలు 533, విద్యార్థులు 6,641 మంది. వేయింటికి ఏడుగురు. బాలికలు అందరును కలిసి 60 మంది. కన్నడ పాఠశాలలు 235, తెలుగువి 226, మరాఠీవి 23, పారసీవి 21, అరవమువి 4, ఇంగ్లీషుది ఒక్కటి. సంస్కృతమున శాస్త్రములు చెప్పునవి 23. బిడ్డలు ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దుటయు, పెద్దవిద్యార్థులు చిన్నవారికి నేర్పుటయు ఆయన మెచ్చుకొనెను. కాని వారు వల్లించు పద్యకావ్యముల భాష వాడుకభాషకు మిక్కిలి దూరమగుటచేత, గడగడ నప్పగించు బిడ్డలకు అర్థమేమియు తెలియదని విచారపడెను. సీమ నూలుబట్టలు వచ్చి మన నేతగాండ్ర జీవనము చెడుటచే బిడ్డలను బడికి పంపలేని పేదరికము కలిగినదనియు ఆయన దాచక వ్రాసెను.

రెండువందల యేండ్లు గడచినవి. బడులు పెరిగినవి, బాలికలు వచ్చినారు, ఇది సంతోషమే. కాని యర్థము తెలియక అప్పగించు వ్యాధి పోయినదా? ఆనాటి కావ్యభాష స్థానమున నేడు ఇంగ్లీషు వచ్చినది. ధర్మవరమున మగ్గమునొద్ద పెరిగిన అయిదేండ్ల బిడ్డకు పడుగేదో, పేకయేదో, నాడె ఏ చేతినుండి ఏ చేతికి పోవునో తెలియును; రంగులు తెలియును, పోగులు లెక్కించుట తెలియును. ఆ బిడ్డను ఒక్క మాటయు నర్థముకాని భాషలో లెక్కలు చెప్పు గదిలో కూర్చుండబెట్టిన, మొదటి దినముననే తనకేమియు రాదని నిశ్చయించుకొనును. తెలిసినదానినుండి తెలియనిదానికి నడపుట విద్య. తెలిసినదానిని మరపించుట విద్య గాదు.

ఇచ్చట నొక యాక్షేపణము వచ్చును. అది న్యాయమైనదే కనుక తప్పించుకొనము. 'అయ్యా, మీ బిడ్డలు ఇంగ్లీషు చదివి బెంగుళూరులో ఉద్యోగములు చేయుచున్నారు. పేదవాని బిడ్డకు మాత్రము తెలుగే చాలునని చెప్పుట యేమి ధర్మము?' ఈ ప్రశ్నకు తలవంచవలసినవారము మనమే. తన బిడ్డకొక బడియు పరుల బిడ్డకొక ఉపదేశమును చేయువానికి మాతృభాషను గూర్చి మాటలాడు నధికారము లేదు. 2019వ సంవత్సరమున ఆంధ్రప్రదేశ ప్రభుత్వము తన పాఠశాలల నన్నిటిని ఇంగ్లీషు మాధ్యమమునకు మార్చ నుత్తరువు చేయగా, 2020 ఏప్రిలు మాసమున ఉన్నత న్యాయస్థానము దానిని కొట్టివేసినది. నాడు ఉత్తరువును కోరిన పేదతల్లిదండ్రులను అజ్ఞానులని నిందించుట మాకు సమ్మతము కాదు. వారు కోరినది ఇంగ్లీషును గాదు; సమానత్వమును.

కాని సమానత్వమునకు దారి ఏది? ఇంగ్లీషు నేర్పవలెనా యనునది ప్రశ్న గాదు. నేర్పవలసినదే, చక్కగా నేర్పవలసినదే. కాంబెలు నివేదిక పంపిన ఆ 1823వ సంవత్సరముననే రామమోహన రాయలవారు సంస్కృత పాఠశాలకు బదులు పాశ్చాత్య శాస్త్రములు నేర్పుమని గవర్నరు జనరలునకు లేఖ వ్రాసిరి. ఆయనయే 1815వ సంవత్సరము మొదలుగా వేదాంతమును, ఉపనిషత్తులను వంగభాషలోనికి దెచ్చి, ఆ భాషకు వ్యాకరణమును రచించిరి. ఆయన దృష్టిలో ఈ రెండును విరుద్ధములు కావు. పరభాష కిటికీ; తల్లిభాష గోడ. గోడ లేనిదే కిటికీని దేనికి బిగింతురు? చిన్నబిడ్డకు మొదట అర్థమగు భాషలో చదువు చెప్పి, ప్రక్కనే ఇంగ్లీషును మాటగా నేర్పి, బలము వచ్చిన పిమ్మట దానిలో శాస్త్రములు చదివించుట క్రమము. 1956లో రాజ్యాంగమున చేరిన 350ఎ అధికరణము, 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము గూడ సాధ్యమైనంతవరకు తల్లిభాషలో ప్రాథమిక విద్యను చెప్పుచున్నవి. హిందూపురమున ఆ తల్లిభాష కన్నడమైనయెడల కన్నడమే. తెలుగువారమని దానిని కాదనుట మరియొక యన్యాయము.

మేమీ వ్రాతను గ్రాంథికమున వ్రాయుచున్నామే యని కొందరు నవ్వవచ్చును. పెద్దలకు పెద్దల భాషలో వ్రాసినాము. దీనిని బిడ్డ చేతికిచ్చి అప్పగింపుమనినచో కాంబెలు నాటి పంతుళ్ల తప్పునే మేమును చేసినవార మగుదుము.

కావున ఆర్యులారా, మేము కోరునది ధనవ్యయముగల పని గాదు. దినమున కొంతసేపు తెర మూసి బిడ్డతో మాటలాడుడు. అడిగినదానికి బదులు చెప్పుడు. చేయలేనిదానిని చేసెదనని బిడ్డతో ననకుడు. బిడ్డ వినుచుండగా నే మనుష్యునికిని తక్కువ పిలుపు పిలువకుడు. బిడ్డ విననపుడును పిలువకుడు, నాలుక కా భేదము తెలియదు. మీ పట్టణపు బడికి పోయి, ఏ బిడ్డ మాట నవ్వులపాలగుచున్నదో విచారింపుడు. మీ బిడ్డకు కోరినదానినే నేతగాని బిడ్డకును కోరుడు.

వాక్కునకు మూలమగు ఓ పరమాత్మా, మేము నీకు సమర్పించు ప్రార్థనలలోని మాటలును ఒకనాడు తల్లుల యొడిలో నేర్చినవే. ఆ మాటలను మేము పొందినదానికంటె శుభ్రముగ మా బిడ్డల కప్పగించు బుద్ధిని మాకు దయచేయుము. ఎవ్వరిని పిలిచినను నీ బిడ్డనే పిలుచుచున్నామను ఎరుకను మా నాలుకలయందు నిలుపుము.

ఓం శాంతిః శాంతిః శాంతిః.